నాలుగును ఆరు చేశాను

ముందుగా ఒక మాట రాసుకో. ఇందులో ఎవరి పేరూ ఉండదు, నా పేరుతో సహా. కాలేజీ పేరు కూడా వద్దు. సూర్యాపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ అంటే చాలు. అక్కడ ముప్పై ఏళ్ళకు పైగా లైబ్రేరియన్‌గా పనిచేశాను. నేను మధ్యలో దగ్గితే దగ్గు రాయకు. మీ తాత గురించి ఏమైనా అంటే అదీ రాయకు.

మొన్న నువ్వు మీ గైడు సారు గురించి చెబుతూ "ఆయన హెచ్ ఇండెక్స్ ఎంతనో తెలుసా అమ్మమ్మా" అన్నావు కదా. ఎంతో కూడా చెప్పావు. నేను ఊ అని ఊరుకున్నాను. మెచ్చుకోలేదని చిన్నబుచ్చుకున్నావు. మెచ్చుకోకపోవడం కాదే. ఆ మాట వింటే నాకు ఒక స్టీలు డబ్బా గుర్తొస్తుంది. డబ్బా సంగతి చెప్పాలంటే మొత్తం చెప్పాలి. నీకూ చెప్పాలి, నీతోపాటు రీసెర్చిలో చేరిన పిల్లలకూ చెప్పాలి. అందుకే కూర్చోబెట్టాను.

లైబ్రేరియన్ అంటే పుస్తకాల దుమ్ము దులిపే మనిషి అనుకుంటారు. నేను చేరిన కొత్తల్లో నిజంగా అంతే. చివరి ఏడెనిమిదేళ్ళు మాత్రం పుస్తకం అడిగినవాళ్ళకంటే లెక్క అడిగినవాళ్ళు ఎక్కువ. ఏ లెక్చరరు ఎన్ని పేపర్లు రాశాడు, ఆ పేపర్లను ఎంతమంది తమ పేపర్లలో పేర్కొన్నారు, అంటే ఎన్ని సైటేషన్లు వచ్చాయి, ఇవన్నీ నెట్‌లో వెతికి, కాగితం మీద పెట్టి, లైబ్రరీ ముద్ర వేసి ఇవ్వడం నా పని. ప్రమోషన్ కావాలన్నా, ఇంక్రిమెంట్ కావాలన్నా ముందు నా బల్ల దగ్గరికి రావాల్సిందే. నాకు అది బాగానే ఉండేది. దబాయించేవాళ్ళు కూడా "అక్కా" అనడం నేర్చుకున్నారు.

ఈ హెచ్ ఇండెక్స్ మొదట నా బుర్రకెక్కలేదు. వంటింటి లెక్కలో పెట్టుకున్నాకే అర్థమైంది. కూర అంటే పేపరు, మళ్ళీ అడగడమంటే సైటేషన్. నువ్వు విందుకు ఏడు కూరలు వండావనుకో. అందులో నాలుగు కూరలను ఒక్కోదాన్ని కనీసం నలుగురు మళ్ళీ అడిగి వేయించుకుంటే నీ లెక్క నాలుగు. ఐదు కావాలంటే ఐదు కూరలను తలా ఐదుగురు అడగాలి. ఒకే కూర కోసం వందమంది ఎగబడినా లెక్క కదలదు. రుచిగా ఉందని అడిగారా, ఉప్పెక్కువైందని పక్కవాళ్ళకు చూపించడానికి అడిగారా అన్నది ఈ లెక్కకు పట్టదు. అడిగితే ఒకటి. అంతే.

మాది చిన్న కాలేజీ. అందులో మాలిక్యులర్ బయాలజీ తెలిసిన మనిషి ఒక్కతే ఉండేది. హైదరాబాదులో డాక్టరేటు చేసి, పాలకీడు దగ్గర సొంతూరికి అందుబాటులో ఉంటుందని మా దగ్గర పార్ట్ టైంగా చేరింది. వరికి అగ్గితెగులు వస్తుంది. ఆకుల మీద కాలినట్టు మచ్చలు పడి మడి మడంతా మాడిపోతుంది. అందులోనే రెండు మూడు మొక్కలు మాత్రం ఏమీ ఎరగనట్టు పచ్చగా నిలబడి ఉంటాయి. వాటి లోపల ఏ జన్యువు కాపలా కాస్తోందో, దాన్ని గుర్తుపట్టడం ఎలాగో వెతకడం ఆమె పని. ప్రతి పంటకూ త్రిపురారం, నిడమనూరు కాలువ కింది పొలాలకు పోయి ఆకులు కోసుకొచ్చేది. రైతులు ఆమెకు ఆకుల మేడం అని పేరు పెట్టారు. మేమూ అదే అనేవాళ్ళం.

ఒకసారి ఆమె వెంట నేనూ త్రిపురారం పోయాను. గట్టు మీద కూర్చున్న ఒక పెద్దాయన ఆమెను చూసి, "మంచి మొక్కల ఆకులు నువ్వు పట్కపోతివి, రోగమొచ్చినయి మాకిడ్సిపెడ్తివి. గిదేం న్యాయం మేడం" అన్నాడు.

"అవి సుత పట్కపోతున్న పెద్దయ్యా. సంచి సూడు" అని ఆమె సంచి తెరిచి చూపించింది.

"అయితే పో. మొత్తం పట్కపో. కోత కూలి మిగులుతది" అన్నాడు. మడి నిజంగానే మాడిపోయి ఉంది. అయినా నవ్వాడు.

కాలేజీ మేడ మీద ఆమెకొక చిన్న గది ఇచ్చారు. అందులో హైదరాబాదులోని వాళ్ళ గైడు ఇచ్చిన, ఆకులోని జన్యువును పరీక్షించే పాత పీసీఆర్ మిషన్ ఒకటి, డీప్ ఫ్రీజర్ ఒకటి. ఫ్రీజర్ నిండా చిన్న చిన్న ప్లాస్టిక్ గొట్టాలు. గొట్టం మీద ఊరు పేరు, పొలం, పంట రాసి లోపల ఆకు ముక్కలు. తొమ్మిదేళ్ళ ఆకులు అవి. కరెంటు పోతే క్లాసు మధ్యలో వదిలేసి మేడెక్కేది.

ఇక డబ్బా సంగతి. ఆమె ఒక్కతే కిరాయి గదిలో ఉండేది. వండుకునేది తక్కువ, తినడం ఇంకా తక్కువ. నేను మధ్యాహ్నానికి ఒక డబ్బాలో అన్నం కూర తెచ్చి ఇచ్చేదాన్ని. సర్వపిండి చేసిన రోజు రెండు ఎక్కువ పెట్టేదాన్ని, ఆమెకు ఇష్టం. డబ్బా మర్నాడు తిరిగి వచ్చేది. ఎప్పుడూ ఖాళీగా రాలేదు. సీతాఫలం, గుప్పెడు పెసలు, వాళ్ళ ఊరి నిమ్మకాయలు, ఏదో ఒకటి ఉండేది. ఒకనాడు ఏమీ దొరకనట్టుంది, కాగితం పొట్లంలో చెంచాడు చక్కెర పెట్టింది.

"గిదేందే" అన్నాను.

"ఖాళీ గిన్నె తిరిగియ్యొద్దంటది మా అమ్మ. ఇచ్చినోల్లకు తీసుకున్నోల్లకు ఇద్దరికి మంచిది కాదంట" అంది.

మన ఇళ్ళలో కొత్త మాటేమీ కాదు. నేను లైబ్రరీ పనిలోనూ అదే పాటించేదాన్ని. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్ళ కాలేజీ లైబ్రేరియన్లం ఒకరికొకరం జర్నల్సు పంపుకునేవాళ్ళం. దానికొక గుడ్డ సంచి ఉండేది. బస్సులో కండక్టరుకు ఇస్తే అవతలి ఊళ్ళో దింపించుకునేవాళ్ళు. ఆ సంచి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఖాళీగా తిరిగి రాలేదు. పంపడానికేమీ లేకపోతే కోదాడ ఆయన పోయిన ఏటి క్యాలెండరు పెట్టి పంపేవాడు. ఈ అలవాటు నాకు ఎంతగా ఒంటబట్టిందంటే, అదొక మంచి గుణం అనుకునేదాన్ని.

నేను రిటైర్ కావడానికి ఏడాదిన్నర ఉందనగా, కాలేజీకి రీసెర్చి సెంటర్ గుర్తింపు తేవాలని యాజమాన్యం తలపెట్టింది. దానికోసం లైఫ్ సైన్సెస్‌లో ఒక రెగ్యులర్ పోస్టు వేశారు. మా కరస్పాండెంట్ సారుది రైస్ మిల్లుల కుటుంబం. మనిషి చెడ్డవాడు కాదు. కానీ ఏదైనా ఒక అంకెలో చెబితేనే ఆయనకు తృప్తి. హెచ్ ఇండెక్స్ ఆరు ఉండాలని రూలు పెట్టాడు. ఆకుల మేడం పని మంచిదని, కాస్త చూడమని నేను చెప్పబోయాను.

"ధాన్యం మిల్లుకొస్తే ముందు తేమ చూస్తం మేడం. ఉండాల్సినదానికన్న ఎక్కువుంటే బండి ఎనకకు తిప్పుతం. రైతు మంచోడా, కష్టపడ్డడా అని అడుగుతమా? గిదీ గంతే. ఆరు ఉంటే రమ్మనండ్రి" అన్నాడు.

ఆమె లెక్క నాలుగు. పోస్టు రాకపోతే పార్ట్ టైం కూడా ఆ ఏడాదితో ఆఖరని, మేడ మీది గది ఖాళీ చేయాలని ముందే చెప్పేశారు. ఉద్యోగం ఒక్కటే కాదు, ఆ ఫ్రీజర్ కూడా ఆ అంకె మీదే ఆధారపడింది.

పదహారేళ్ళలో ఆమె రాసినవి ఏడు పేపర్లు. మా దగ్గర ఏడాదికి ఏడు రాసినవాళ్ళున్నారు. ఎందుకింత తక్కువంటే, "మూడు పంటలు సూడంది ఎట్ల రాస్తక్కా. ఒక్క పంటల అబద్ధం చెప్పొచ్చు ఆకు" అనేది.

ఒక మధ్యాహ్నం లైబ్రరీలో ఎవరూ లేనప్పుడు ఆమె ఏడు పేపర్లకూ వచ్చిన సైటేషన్లు పెన్సిలుతో వరసగా రాసుకున్నాను. ముప్పై ఒకటి, పన్నెండు, తొమ్మిది, ఏడు. తర్వాత నాలుగు, రెండు, సున్నా. ఆరు కావాలంటే ఆరు పేపర్లకు తలా ఆరు ఉండాలి. మొదటి నాలుగింటికీ సరిపోను ఉన్నాయి. ఐదోదానికి రెండు తక్కువ, ఆరోదానికి నాలుగు తక్కువ. అన్నీ కలిపి ఆరు సైటేషన్లు. పదహారేళ్ళ పనికీ రెగ్యులర్ పోస్టుకూ మధ్య ఆరంటే ఆరు.

నా చేతిలో ఉన్న పని ఇంకొకటి నీకు చెప్పలేదు. లెక్చరర్లు పేపరు రాసి, అచ్చుకు పంపేముందు నా దగ్గరికి తెచ్చి, "అక్కా, రిఫరెన్సులు జర సరిజేసి పెట్టు" అనేవాళ్ళు. కామాలు, సంవత్సరాలు, పేజీ నంబర్లు నేనే సరిచేసేదాన్ని. జాబితాలో ఒకటి చేర్చి, లోపల ఏదో ఒక వాక్యం చివర దాని నంబరు తగిలిస్తే ఎవరూ గుర్తుపట్టరు. రాసినవాళ్ళే మళ్ళీ చదవరు.

మా జువాలజీ ఆయన చేపల చెరువు నీళ్ళ మీద రాసిన పేపరు అప్పుడు నా బల్ల మీద ఉంది. "ఆకుల మేడంది ఒకటి పెడ్తున్న" అని చెప్పాను కూడా. "పెట్టుకో అక్కా, నాదేం పోయింది" అన్నాడు. మిర్యాలగూడ లైబ్రరీ వాళ్ళు తమ దగ్గరి పేపరులో ఒకటి పెట్టారు. మిగతావాటికి కోదాడ ఆయనకు ఫోన్ చేశాను.

కావాల్సినవి నాలుగు. నోరు రాక "ఒక రెండు పెట్టాలె తమ్ముడూ" అన్నాను.

"రెండేంటి అక్కగారూ, నాలుగు పెట్టిస్తాను. ఇన్నేళ్ళు మీ సంచి మోశాం, ఆమాత్రం చెయ్యకపోతే ఎలాగండీ. మా దగ్గరా ఒకాయనున్నాడు, ప్రమోషన్‌కి మూడు తగ్గాయి. మీ వైపు చూసి పెట్టండి మరి."

"పంపు" అన్నాను.

అది తప్పని నాకు అనిపించలేదంటే అబద్ధం. అనిపించింది. పక్కింటికి కూర పంపినట్టే కదా అని సర్దుకున్నాను. ఆకుల మేడంకు మాత్రం చెప్పలేదు. సంతోషపెడదామని అనుకున్నానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం ఆమె తర్వాత చెప్పింది, రాస్తాం.

పేపర్లు అచ్చయి నెట్‌లో ఎక్కేసరికి ఎనిమిది తొమ్మిది నెలలు పట్టింది. ఒక పొద్దున ఆమె ఫోన్ చేత్తో పట్టుకుని లైబ్రరీకి వచ్చింది. అంత సంతోషంగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

"అక్కా, కోదాడల ఎవరో నా నిడమనూరు పేపర్ సదివిండ్రు. మూడేండ్లాయె అది అచ్చయి. ఎవ్వరు సూడలేదనుకున్న. వాల్ల పేపర్ ఫోన్ల తెరుసుకుంటలేదు, పేర్లే కనవడ్తున్నయి."

"మంచిదే గదా" అన్నాను.

"మంచిదే గాదు. ఆయన గా జన్యువు గుర్తును కోదాడ దిక్కు వరిల సూసిండేమో. సూస్తే నా పని సగం తగ్గినట్టే. శనివారం పోయొస్త."

"ఫోన్ చేస్తే సాలదా. గంత దూరం ఎందుకు."

"ఫోన్ల ఏం తెలుస్తదక్కా. ఆకులు సూపిస్తడేమో."

శనివారం పోయింది. తన పేపరు కాపీ ఒకటి, నోటుబుక్కు ఒకటి పట్టుకుని బస్సెక్కింది. సోమవారం వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"మంచోడే అక్కా. టీ తాపిండు. మీ వర్క్ చాలా బావుందండీ, మాకు చాలా ఉపయోగపడిందండీ అన్నడు. ఏం ఉపయోగపడ్డదని అడిగిన. పైన ఫ్యాన్ దిక్కు సూసిండు." నవ్వింది. తర్వాత, "అక్కా, నువ్వేమన్న చెప్పినవా వాల్లకు" అని అడిగింది.

"నేనెందుకు చెప్తనే" అన్నాను.

నా మొహం చూసింది. డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. లోపల కోదాడ బస్టాండులో కొన్న జామకాయలు ఉన్నాయి. అప్పుడే చెప్పేసి ఉంటే ఆమె ఆ ఆరింటినీ తన లెక్కలోంచి తీసేసి, నాలుగుతోనే పోయి నిలబడేది. పోస్టు రాకపోయేదేమో. కానీ ఇప్పుడు నేను చెప్పబోయేది జరిగేది కాదు. నేను జామకాయలు కోసి, ఉప్పు కారం అద్ది, లైబ్రరీలో అందరికీ పంచాను.

దరఖాస్తుకు కావాల్సిన సర్టిఫికెట్ నేనే రాశాను. హెచ్ ఇండెక్స్ ఆరు. ముద్ర వేసి సంతకం పెట్టాను.

ఇంటర్వ్యూ కరస్పాండెంట్ సారు గదిలో, పొద్దున పదింటికి. సబ్జెక్టు ఎక్స్‌పర్ట్‌గా హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. సర్టిఫికెట్లు చూపించాలి కనుక నన్నూ ఒక మూల కుర్చీలో కూర్చోమన్నారు. ఆయన ఆమె పేపర్లు నిజంగా చదివి వచ్చాడు. మా దగ్గరికి వచ్చిన నిపుణుల్లో అలా చదివొచ్చినవాణ్ణి ఆయన్నే చూశాను. ఇద్దరూ ఆ జన్యువు గురించి మాట్లాడుకుంటూ మేమున్నామన్న సంగతే మరిచిపోయారు. ఆమె కాగితం మీద బొమ్మ గీస్తే ఆయన దాని మీదే ఇంకో బొమ్మ గీశాడు. కరస్పాండెంట్ సారు ఆవులింత ఆపుకున్నాడు. పోస్టు వచ్చేసిందనుకుని నేను చీర కొంగు సర్దుకున్నాను. పోయి ఆమెకు సర్వపిండి చేయాలనుకున్నాను, చూడు ఎంత పిచ్చిదాన్నో.

అప్పుడాయన ల్యాప్‌టాప్ తెరిచాడు. "మంచి పని చేసినవాళ్ళ పేపర్లు ఎవరు వాడుకుంటున్నారో చూడటం నాకు అలవాటమ్మా. పరీక్షేమీ కాదు, ఊరికే కుతూహలం" అన్నాడు. చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"అమ్మా, చేపల చెరువు నీళ్ళకూ మీ నిడమనూరు వరికీ ఏం సంబంధం?"

ఆమెకు అర్థం కాలేదు. ఆయన ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు.

"ఇది తేనెటీగల మీద. ఇది పట్టుపురుగులు. ఇదేమో బోరు నీళ్ళలో ఫ్లోరైడు. అన్నిట్లోనూ మీ పేపరు ఉంది."

ఆమె ఒక్కొక్కటీ తెరిచి చదివింది. తొందరపడలేదు. ఆకులు చూసేటప్పుడు ఎలా చూస్తుందో అలాగే చూసింది. చివరికి, "సంబంధం లేదు సార్" అంది.

"ఇంకొకటి చెప్తాను. మీ మొదటి నాలుగు పేపర్లకు ఈ చుట్టుపక్కల నుంచి ఒక్కటీ రాలేదు. ఐదోదానికి రెండే వచ్చాయి, ఆరోదానికి నాలుగే వచ్చాయి. ఆరు చేరడానికి ఎన్ని కావాలో సరిగ్గా అన్నే. కొలిచి పోసినట్టుంది. లెక్క తెలిసినవాళ్ళు చేసిన పని ఇది."

"నేను చెయ్యలే సార్."

"మరి ఎవరు చేశారమ్మా?"

ఆమెకు అప్పటికే తెలిసిపోయింది. ఆ సంగతి నాకూ తెలిసింది. అయినా ఆమె నా వైపు చూడలేదు. గోడ మీది గడియారం వైపు చూస్తూ కూర్చుంది. చూసి ఉంటే నేను చెప్పేదాన్నేమో. ఇది కూడా సర్దుబాటు మాటే, కొట్టెయ్యి. వద్దు, ఉంచు.

కరస్పాండెంట్ సారు నా వైపు తిరిగాడు. "మేడం, సర్టిఫికెట్ మీరే ఇచ్చిండ్రు గదా. ఏంది ఇది?"

రిటైర్‌మెంట్‌కు ఐదు నెలలుంది. ఆ ఐదు నెలలూ నా కళ్ళ ముందు బారులు తీరి నిలబడ్డాయి.

"నెట్‌ల ఉన్నది ఉన్నట్టే రాసిన సార్" అన్నాను.

ఆ మాటలో ఒక్క అబద్ధం లేదు. అందుకే అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది.

పెద్దాయన ల్యాప్‌టాప్ మూశాడు. "మీ పని మంచిదేనమ్మా. కానీ ఇది చూశాక నేను సంతకం పెట్టలేను" అన్నాడు. బాధపడుతూనే అన్నాడు.

మెట్ల మీద ఆమెను అందుకున్నాను. ఆగింది.

"ఎన్ని పెట్టినవక్కా?"

"ఆరు."

"నన్నడిగితే ఏం చెప్తుంటినో నీకెర్కే. గందుకే అడగలే నువ్వు."

అసలు కారణం చెబుతానన్నాను కదా, ఇదే.

"ఇప్పుడు లోపటికి పోయి చెప్తనే" అన్నాను.

"ఇప్పుడు చెప్తే నేను చెప్పిచ్చిన అంటరు. నాకోసం ఓ ముసలామె నెత్తినేసుకున్నదంటరు. ఇగ వద్దక్కా."

ఆ మాట పట్టుకుని ఆ రోజు ఊరుకున్నాను. మర్నాడు మనసొప్పక కరస్పాండెంట్ సారు దగ్గరికి పోయి అంతా చెప్పాను. ఆయన విన్నాడు. తలుపు వేసి ఉందో లేదో చూసుకున్నాడు.

"మీరు చెప్పలే, నేను ఇనలే. రిటైర్‌మెంట్ ముంగట పెట్టుకొని ఎందుకు మేడం పరేషాన్? కాలేజీ పేరు ఖరాబైతది. ఇయ్యాల మీదంటరు, రేపు నాదంటరు. ఊకోండ్రి."

ఊరుకున్నాను. హైదరాబాదు పెద్దాయనకు ఒక ఉత్తరం రాశాను, జరిగింది జరిగినట్టు. రాసింది ఇంటర్వ్యూ అయిన వారానికి. పోస్టు డబ్బాలో వేసింది రిటైరైన మూడో రోజు. జవాబు రాలేదు.

కోదాడ వాళ్ళ మనిషికి మాత్రం ప్రమోషన్ వచ్చింది. ఆయన పేపర్లలోనూ మా వాళ్ళు పెట్టినవి మూడున్నాయి. ఆయనవి ఎవరూ తెరిచి చూడలేదు. తెరిచి చూడబుద్ధయ్యే పని చేసింది కనుక ఆమెవి చూశారు.

వేసవి సెలవుల్లో మేడ మీది గదిని డిజిటల్ క్లాస్‌రూం చేయాలని పని మొదలుపెట్టారు. ఫ్రీజర్‌లోవి తీసుకుపోవడానికి సోమవారం హైదరాబాదు నుంచి బండి వచ్చేటట్టు ఆమె మాట్లాడుకుంది. శుక్రవారం కరెంటు పనివాళ్ళు వచ్చి, వైర్లు మార్చడానికి ప్లగ్గు పీకి, మళ్ళీ పెట్టకుండా పోయారు. కావాలని ఎవరూ చేయలేదు. తలుపు మీద కాగితం అంటించాల్సింది, ఆ సంగతి ఎవరికీ తోచలేదు, నాకు కూడా.

సోమవారం తలుపు తీస్తే వాసన మెట్ల దాకా వచ్చింది. బండి ఖాళీగా తిరిగిపోయింది. ఆమె కింద చాప వేసుకుని, ఒక్కో గొట్టం మీద రాసింది చదువుతూ బకెట్లో వేసింది. త్రిపురారం. నిడమనూరు. మళ్ళీ నిడమనూరు. బకెట్ నేను పట్టుకున్నాను. నిండితే కిందికి తీసుకుపోయి పారబోసి వచ్చాను. అలా నాలుగుసార్లు దిగి ఎక్కాను. ఆమె నన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు.

ఆ తర్వాత ఆమె మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ల్యాబులో చేరిందని విన్నాను. నేనేమో ఇంట్లో కూర్చుని, నెలకొకసారి నెట్‌లో ఆమె పేరు కొట్టి లెక్క చూస్తాను. నువ్వు అడిగావు ఒకసారి, ఏం చూస్తున్నావు అమ్మమ్మా అని. ఇదే. మన ఆరింటినీ పక్కన పెట్టి, మిగతావి లెక్కపెడతాను. ఎక్కడెక్కడివాళ్ళో, నిడమనూరు పేరు పలకడం కూడా రానివాళ్ళు, ఆ ఐదో పేపరునూ ఆరో పేపరునూ మెల్లమెల్లగా వాడుకుంటూ వచ్చారు. పోయిన ఏడాది చలికాలంలో ఒకనాడు చూస్తే, మనవి తీసేసినా ఆరు.

మర్నాడే సర్వపిండి చేసి, అదే డబ్బాలో పెట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కాను.

మిల్లు గేటు బయట ధాన్యం బండ్లు వరసగా ఆగి ఉన్నాయి. ల్యాబంటే ఒక చిన్న గది, ఒక తూకం, తేమ చూసే మిషను, పళ్ళేల్లో ధాన్యం. ఆమె జుట్టు కాస్త నెరిసింది. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది.

"మంచిగున్నవా అక్కా. మోకాలు నొప్పి తగ్గిందా?"

తగ్గలేదని చెప్పాను. తర్వాత ఆగలేక, "ఆరైంది" అన్నాను. "మనయి తీసేసినంక. సొంతంగ ఆరు."

"నీయి తీసేసినంక" అంది. కోపంగా కాదు. గొట్టం మీద తప్పు పేరు ఉంటే దిద్దేది చూడు, అలా.

నేను ప్రింటు తీసుకుపోయిన పేపరు ఇచ్చాను, ఆమె పనిని వాడుకున్నవాటిలో తాజాది. నిలబడే చదివింది. రెండో పేజీకి వచ్చేసరికి మొహంలో పాత మనిషి కనబడింది. "వీల్లు గా గుర్తును వేరే రకంల సూసిండ్రక్కా. గీడ జర తేడా వచ్చింది. ఎందుకొచ్చిందో నా ఆకులతోని పోల్చి..." అని ఆగిపోయింది. కాగితాలు మడిచి తూకం కింద పెట్టింది.

బయటి నుంచి ఒకతను పళ్ళెంలో ధాన్యం తెచ్చాడు. మిషన్లో పోసి చూసి, "తేమ ఎక్కువున్నది. ఎండబెట్టి తెమ్మను" అంది. అతను పోయి చెబితే బండి రైతు కిటికీ దగ్గరికి వచ్చి, "మేడం, వానకు నానింది, జర సూడు మేడం" అన్నాడు. ఆమె మిషను కిటికీ వైపు తిప్పి అంకె చూపించింది. అతను కాసేపు దాన్నే చూసి వెళ్ళిపోయాడు.

తర్వాత ఆమె డబ్బా తెరిచి, సర్వపిండి ఒక స్టీలు పళ్ళెంలోకి తీసుకుంది. ఒక ముక్క విరిచి తింది. బయట కుళాయి దగ్గరికి పోయి డబ్బా తోమి, కడిగి, చున్నీతో లోపలా బయటా తుడిచి, మూత పెట్టి నా చేతికిచ్చింది. చేతికి రాగానే తెలిసింది. మరిచిపోయిందేమోనని ఆమె మొహం చూశాను.

"ఖాళీదే అక్కా. తెల్సే ఇస్తున్న" అంది. "మల్ల నింపుకొని రాకు."

బస్టాండు దాకా వచ్చి బస్సెక్కించింది. కిటికీ దగ్గర సీటు చూపించింది. మోకాలికి ఏదో నూనె పేరు కూడా చెప్పింది.

మొన్న వంటింట్లో పై అరలోంచి డబ్బా తీసి రవ్వ పోయబోతే నీ చేతిలోంచి లాక్కున్నాను కదా, అదే ఆ డబ్బా. రవ్వకు ఇంకోటి చూసుకో.